మీ అమ్మాయి పీహెచ్‌డీ సంగతి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు ఊరి కబుర్లన్నీ చెప్పి చివరి అరనిమిషంలో అసలు విషయం అన్నావు, నువ్వు మారవు. అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోయింది, క్లినిక్‌లో నీ పక్కన కూర్చోమంటే "అంకుల్ లాగా మెదడు మీద రీసెర్చ్ చేస్తా" అంటోంది, "చెడగొట్టింది నువ్వే కాబట్టి నువ్వే చెప్పు" అంటావు. సరే, చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నేను క్లినిక్ ఎందుకు వదిలేశానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. డబ్బులు చాలకేమో అనుకున్నావు అందరిలాగే. (ఇప్పుడూ చాలడం లేదు, అది వేరే కథ.) అప్పట్లో నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు, మెదడు కుడివైపు స్ట్రోక్. ఎడమ చెయ్యి కాస్త కదులుతోంది, పట్టు కూడా వస్తోంది, నేను హుషారుగా పెగ్‌బోర్డు (చిల్లుల్లో పుల్లలు గుచ్చే సాధన) చేయిస్తున్నాను. ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన భోజనం చేస్తున్నారు. కంచంలో కుడివైపు శుభ్రంగా తినేశారు, ఎడమవైపు అన్నం ముట్టుకోలేదు, పైగా ఆవకాయ వెయ్యలేదని వాళ్ళావిడ మీద కేకలు. ఆవకాయ కంచంలోనే ఉందిరా, ఎడమ అంచున! ఆవిడ ఏమీ అనకుండా కంచాన్ని అటుదిటు తిప్పింది. ఆయన మిగతా సగం కూడా తినేసి చెయ్యి కడుక్కున్నారు.

కంటి డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు. నెగ్లెక్ట్, అంటే చూపు బాగున్నా మెదడు ఒక పక్కని పట్టించుకోకపోవడం, ఆ మాట ఫైనలియర్లో మార్కుల కోసం బట్టీ పట్టాం, గుర్తుందా? చూడడం మాత్రం అదే మొదటిసారి. ఆ చెయ్యి తనకుందన్న ధ్యాసే ఆయనకి లేకపోతే నేను దానికెంత బలం తెప్పించి ఏం లాభం? నన్ను పట్టుకున్న ప్రశ్న అదే, ఇప్పటికీ వదల్లేదు.

దాని కోసం వెతుకుతుంటే 1978 నాటి ఒక పేపర్ దొరికింది. ఇటలీలో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు ఇలాంటి పేషెంట్లని మిలాన్‌లోని పెద్ద చర్చి ముందున్న కూడలిని ఊహించుకోమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుంటే కుడివైపున్నవే చెప్పారు. చర్చి గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమంటే ఇందాక వదిలేసినవే చెప్పారు, ఇందాక చెప్పినవి వదిలేశారు! జ్ఞాపకం పోలేదన్నమాట, మనసులోనే ఎడమ పక్క జారిపోతోంది. ఆవిడ కంచం తిప్పిన పనే వీళ్ళు ఊహలో చేశారు. ఆ వారమే పీహెచ్‌డీకి అప్లై చేశాను.

అమ్మాయిని ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ పరిశోధకుడి గురించి కూడా చదవమను. కోతుల చేతినుంచి స్పర్శ తెచ్చే నరాలు కోసేస్తే, కదిలించే నరాలు బాగానే ఉన్నా అవి ఆ చెయ్యి వాడడం మానేశాయి. బాగున్న చేతిని కట్టేస్తే మళ్ళీ వాడాయి. 1981లో ఆ కోతుల్ని ఉంచిన తీరు మీద పోలీసులు ల్యాబ్‌కి రావడం, కేసు, గొడవ, ఆయన కెరీర్ దాదాపు మునిగిపోయింది (ఆ కోతుల సంగతి చదివితే నాకూ కడుపు తిప్పింది, అదీ దాచకుండా చెప్పాలి పిల్లలకి). అదే ఆలోచన తర్వాత మనుషులకి చికిత్స అయింది. బాగున్న చేతికి మిట్టెన్ (వేళ్ళు విడివిడిగా లేని తొడుగు) తొడిగి మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం అలాగే ఉంచడం, రెండు వారాలు గట్టి ప్రాక్టీసు. దీన్ని 222 మంది పేషెంట్ల మీద పరీక్షించిన ఎక్సైట్ ట్రయల్ 2006లో వచ్చింది, ఏడాది తర్వాత చూసినా ఫలితం నిలిచే ఉంది.

మనిళ్ళల్లో జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. కుడి చెయ్యి పడిపోయిన మనిషి ఎడమ చేత్తో తినడానికి సిగ్గుపడతాడు, ఇంట్లోవాళ్ళు ముద్దలు కలిపి నోట్లో పెడతారు. ప్రేమే, కాదనను, కానీ ఆ చేతికి పనే లేకుండా పోతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకే ట్రైనింగ్ ఇస్తే సగం సమస్య తీరుతుందని నీకు ఫోన్లో ఉపన్యాసాలు దంచాను కదా. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో సరిగ్గా అదే చేసి చూశారు, అటెండ్ ట్రయల్, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలలయ్యాక చూస్తే మరణాల్లోగానీ ఇంకొకరి మీద ఆధారపడడంలోగానీ తేడా ఏమీ లేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అంతకు రెండేళ్ళ ముందు అవర్ట్ ట్రయల్ ఇంకా పెద్ద దెబ్బ కొట్టింది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే లేపి ఎక్కువసార్లు నడిపిస్తే మంచిదని మన సార్లు చెప్పింది వేదం అనుకున్నాం, 2,104 మందితో చేస్తే కోలుకునే అవకాశం పెరగకపోగా కాస్త తగ్గింది. నువ్వు పేషెంట్ నవ్వు చూసి సాయంత్రం ఇంటికెళ్తావు. ఇక్కడ ఎనిమిదేళ్ళు నమ్మినదాన్ని ఒక ఫలితాల టేబుల్ తీసిపారేస్తుంది, మర్నాడు మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళాలి.

ఉద్యోగం మాటంటావా, రెంటికీ చెడ్డ రేవడి. ఒక చోట ఫిజియో డిపార్ట్‌మెంట్ వాళ్ళు "మీరు సైకాలజీ మనిషి కదా" అన్నారు. ఇంకో చోట సైకాలజీ వాళ్ళు "ఫిజియోథెరపిస్టుకి స్టాటిస్టిక్స్ వచ్చా?" అని నవ్వారు. మూడేళ్ళు అలా తిరిగాకే ఈ ల్యాబ్ ఉద్యోగం దొరికింది. ల్యాబంటే సినిమాలోలా ఏమీ ఉండదు. నిన్న పొద్దున గంటసేపు నేను చేసిన పని ఒక పెద్దాయన తలకి షాంపూ పెట్టించడం. ఈఈజీకి (తలకి తీగలు అతికించి మెదడు సంకేతాలు చూసే పరీక్ష) నూనె రాసుకుని రావద్దని ఫోన్లో మూడుసార్లు చెప్పినా, ఆసుపత్రికి వెళ్తున్నాడని కోడలు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పాపిడి తీసి మరీ పంపింది.

అమ్మాయిని ముందు ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చెయ్యనీ, న్యూరో తీసుకోమను. తర్వాత పీహెచ్‌డీకి ఫెలోషిప్ కొడితే ఇప్పుడు నెలకి 37,000 వస్తుంది, నీ క్లినిక్ ఆదాయంతో పోల్చి గోల చెయ్యకు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, అక్కడేం చేస్తున్నారో చూడమను. ఈలోపు రెండు నెలలు నా దగ్గరికి పంపు, మా ఇంట్లోనే ఉంటుంది, మీ చెల్లెమ్మ ఇప్పటికే గది సర్దేసింది. పేపర్లు చదవడం తర్వాత, ముందు పేషెంట్ల పక్కన కూర్చుని వాళ్ళు అన్నం ఎలా తింటున్నారో చూడమంటాను. విసుగొస్తే నీ దగ్గరికే వచ్చేస్తుంది, నీ కుర్చీ ఎక్కడికీ పోదు.

తననే ఫోన్ చెయ్యమను, రాత్రి తొమ్మిది దాటాక. నువ్వు మాత్రం వాయిస్ మెసేజ్ పెట్టకు.

నీ
పాత రూమ్మేట్