బీచ్ గుర్రాల వీపులు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్తే,

ఎండాకాలం వస్తే వైజాగ్ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని గుర్రం ఎక్కించి ఫొటోలు తీసుకుంటాం కదా, ఒకసారి ఆ జీను తీయించి చూడండి, చెమటకి తడిసి అట్టకట్టిన గుడ్డ, దాని కింద వెంట్రుకలు ఊడి పచ్చిగా ఉన్న వీపు. రైడ్‌లు అయ్యాక మంచినీళ్ళతో కడిగి, ఆరాక పొడిగుడ్డ వేస్తే సగం గొడవ ఉండదు.

జూలు, తోక మొదలు గోకి గోకి బోడి అయితే అది చాలాసార్లు సన్నటి నుసి దోమల కాటుకి వచ్చే ఎలర్జీ, పొద్దుగూకే టైంలో ఎక్కువ కుడతాయి, కట్టేసే చోట ఫ్యాన్ పెడితే ఆ గాలికి అవి నిలవలేవు. పుండు మీద ఈగలు వాలితే వాటితో వచ్చే నులిపురుగుల పిల్లలు లోపల చేరి పుండు మానదు, దానికి నట్టల మందు డాక్టరే ఇవ్వాలి, కొందరేమో వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు, అది ఇంకా మంట! లద్దె ఎత్తకపోతే ఈగలు అక్కడే పుడతాయి. గుండ్రటి మచ్చలుంటే తామర కావచ్చు, మన పిల్లలకీ అంటుకుంటుంది.

పాపం ఓనర్లకి ఒకరోజు గుర్రం ఆగితే ఇల్లు గడవదు, ఆసుపత్రికి ఎక్కడ తీసుకెళ్తారు? పశుసంవర్ధక శాఖ వాళ్ళే ఈ మే, జూన్‌లలో బీచ్ దగ్గర పొద్దున పూట క్యాంపు పెట్టాలి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం