నర్సులు వాడి చూశాకే సాఫ్ట్‌వేర్‌కు బిల్లు చెల్లించాలి

సంపాదకుడు గారికి,

2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ నుంచి మందుల కౌంటరు దాకా ఒక్కొక్కటే కంప్యూటర్‌కు ఎక్కుతున్నాయి. మంచి పనే. కానీ ఆ తెర ముందు కూర్చునేవాళ్లకు పని ఎంతసేపట్లో, ఎన్ని తప్పులతో అవుతోందో కొలిచాకే సాఫ్ట్‌వేర్‌ను తీసుకోవాలి.

నాలుగు గంటల ఓపీలో వంద మందిని చూసే వైద్యుడికి ఒక్కొక్కరి మీద దక్కేది 2 నిమిషాల 24 సెకన్లు. కీబోర్డు మీది చేయి మౌస్ మీదికి మారడానికి దాదాపు 0.4 సెకను పడుతుందని 1980లోనే కార్డ్, మోరాన్, న్యూవెల్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. 20 గడుల ఫారంలో గడిగడికీ చేయి వెళ్లి రావాలంటే 16 సెకన్లు, వంద మందికి దాదాపు 27 నిమిషాలు. ఒక గడి నుంచి తర్వాతి గడికి తీసుకెళ్లే ట్యాబ్ కీ సరిగా పనిచేస్తే ఈ సమయమంతా రోగికే మిగులుతుంది.

తప్పుల సంగతి ఇంకా ప్రమాదం. పుట్టిన తేదీ తప్పనిసరి అంటే, వయసు తప్ప మరేమీ చెప్పలేని రోగికి ఆపరేటరు జనవరి 1 వేసేస్తారు. అదే పేరు, అదే తేదీతో ఇద్దరు ముగ్గురు పోగైతే ఒకరి రక్తపరీక్ష ఫలితం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. వయసు తీసుకుని ‘అంచనా’ అని గుర్తు పెట్టే వీలుంటే చాలు. మిల్లీగ్రాము, మైక్రోగ్రాము ఒకదాని కింద ఒకటి ఉన్న జాబితాలో ఒక్క వరుస జారితే మోతాదు వెయ్యి రెట్లు తేడా. నెట్ పోయి సగం నింపిన ఫారం చెరిగిపోతుంటే ఏ స్టాఫ్ నర్సయినా ముందు రిజిస్టరులో రాసుకుని, డ్యూటీ దిగే ముందు కంప్యూటర్లో ఎక్కిస్తారు. పని రెండింతలు, మందు ఇచ్చిన వేళ కూడా తప్పుగా నమోదవుతుంది.

పరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆపరేటర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, వైద్యుల్లో ఒక్కో వర్గం నుంచి కనీసం ఐదుగురిని కూర్చోబెట్టాలి. కల్పిత రోగుల వివరాలిచ్చి పాత రోగిని వెతకడం, మోతాదు మార్చడం, తప్పు ఎంట్రీని సరిదిద్దడం వంటివి చేయించాలి. కంపెనీవాళ్లు పక్కనుండి దారి చూపకూడదు. ఎక్కడ తడబడ్డారో, ఎంతసేపు పట్టిందో, ఎన్ని క్లిక్కులయ్యాయో రాసుకోవాలి. చివర్లో వాడటం ఎంత సులువో కొలిచే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) పత్రం నింపించాలి. అందులో వందకు సగటు స్కోరు 68. స్కోరు బాగున్నా, మోతాదు తప్పు ఒక్కటి బయటపడితే దిద్దేదాకా ఆమోదించకూడదు.

రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఈ పరీక్షను టెండరు షరతుగా పెట్టి, చివరి విడత చెల్లింపును దానికి ముడిపెట్టాలి. తెరలు మార్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించి, ఫలితాలను తమ వెబ్‌సైట్లలో ఉంచాలి.

– ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ పరీక్షల రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు, విశాఖపట్నం