ఆ పదహారు రిమ్ములు వెనక్కి పంపలేదు

దసరా నుంచి ఉగాది దాకా బెజవాడ ఆటోనగర్‌లో మా షాపులో వెండి రంగు వేసిన 14 అంగుళాల సెకండ్ హ్యాండ్ అలాయ్ రిమ్ములు వేయించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొత్తం ఆరు బండ్లు. ముందు అసలు మాట: వాటిలో కొన్నింటికి పెయింటు కింద బీటలు ఉన్నాయి, మా పరీక్ష అయ్యేదాకా వాటితో హైవే ఎక్కకండి. మీ పాత స్టీలు రిమ్ములు ఇంట్లో ఉంటే తీసుకురండి, ఉచితంగా మార్చి పెడతాను.

పటమట నుంచి రోజూ గుంటూరు ఉద్యోగానికి వెళ్లొచ్చే కస్టమరు ఒకాయన, ముందు ఎడమ టైరులో గాలి దిగుతోందని వచ్చారు. 32 పెడితే వారానికి 26కి వస్తోంది. మొదటిసారి వాల్వు మార్చాను. రెండోసారి టైరు విప్పి, అంచుకు సీలెంటు పూసి బిగించి, డబ్బులు కూడా తీసుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తాళాలు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. సబ్బునీళ్లు పోసి చూస్తే బుడగలు టైరు అంచు నుంచి కాదు, రిమ్ము లోపలి వైపు నుంచి వస్తున్నాయి. గీకితే పెయింటు కింద పుట్టీ, పుట్టీ కింద పాత వెల్డింగు, దాని పక్కనే వెంట్రుకంత బీట.

మా నాన్న రిమ్ముని వేలాడదీసి, చిన్న సుత్తితో కొట్టి వినేవారు. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే. ఖంగుమంటే మంచిది, గొంతు బొంగురుపోతే పక్కన పెట్టేవారు. నాకూ ఆ చెవి వచ్చిందని ఆటోనగర్‌లో ఇన్నేళ్లూ చెప్పుకు తిరిగాను. ఈ బీటపడ్డ రిమ్ము కూడా ఖంగుమనే మోగింది.

"వెల్డింగు అయితే ఏమైంది, అతికిందిగా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అలాయ్ అంటే అల్యూమినియం, అందులో నూటికి 7 పాళ్ల దాకా సిలికాన్, కొంచెం మెగ్నీషియం. పోత పోశాక బాగా వేడిచేసి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ కొన్ని గంటలు వేడిలో ఉంచి పదును పెడతారు, అంటే లోహాన్ని గట్టిపరుస్తారు. వెల్డింగు వేడి తగిలిన మేర ఆ పదును పోతుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్క మెత్తబడుతుంది. బైండింగ్ వైరుని అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం చూడండి, రిమ్ములోనూ జరిగేది అదే, కాకపోతే కంటికి కనపడనంత చిన్న వంపులు. చక్రం కిలోమీటరుకు 500 సార్ల పైనే తిరుగుతుంది. గుంటూరు వెళ్లిరావడానికి 70 కిలోమీటర్లు వేసుకున్నా రోజుకు 35 వేల వంపులు దాటతాయి. ఉక్కు తన హద్దు లోపల బరువైతే ఎన్నాళ్లైనా మోస్తుంది. అల్యూమినియానికి అలాంటి క్షేమమైన హద్దు లేదు. ప్రతి వంపూ దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఈ ఖాతా తెలిసి కూడా నేను ఆ సరుకు కొన్నాను. కొనేముందు ఒక్క రిమ్ము గీకి చూసినా తెలిసేది. ధర బాగుందని గీకలేదు.

ఇక సరుకు ఇచ్చినతని సంగతి. ఫోన్ చేస్తే మొదట "పెయింటు కింద ఏముందో నాకేం తెలుసన్నా" అన్నాడు. ఫోటోలు పంపాక మాట మార్చాడు: "లోపలి వైపేగా, ఎవరు చూస్తారు?" ఎవరూ చూడరు కాబట్టే కదా భయం! 1998 జూన్ 3న జర్మనీలో ఎషెడే దగ్గర హైస్పీడ్ రైలు పడిపోయి 101 మంది చనిపోయారు. చక్రం చుట్టూ ఉండే ఉక్కు పట్టా లోపలి వైపు నుంచే పగులు పుట్టింది. ఇది అతనికి చెబితే "మనది రైలా ఏంటన్నా" అని నవ్వాడు.

తర్వాత బేరానికి వచ్చాడు. షాపులో మిగిలినవి పదహారు. ఒక్కోటి 2,600 చొప్పున 41,600 పెట్టి కొన్నవి. "పదహారూ ఉన్నవి ఉన్నట్టు పంపించు, పైసాతో సహా ఇచ్చేస్తా" అన్నాడు. అప్పటికే పదహారూ పరీక్ష చేశాను, అయిదింటిలో వెల్డింగు దొరికింది. పంపితే నా డబ్బు నాకొస్తుంది. కానీ ఆ అయిదూ మళ్లీ పెయింటు పూసుకుని ఏలూరులోనో తెనాలిలోనో ఇంకో షాపు గోడ ఎక్కుతాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. మా బావమరిది "ఊరందరి బండ్లూ నీ నెత్తినేనా బావా?" అన్నాడు. అతనన్నదాంట్లో న్యాయం ఉంది, ఆ సరుకు మీద తెచ్చిన అప్పులో సగం అతనిదే. మూడో రోజు పొద్దున్నే ఎవరూ రాకముందు గ్రైండరు పట్టి అయిదింటినీ ముక్కలు చేశాను. పదహారూ ఉన్నవి ఉన్నట్టు వెళ్లలేదు కాబట్టి సరుకు ఇచ్చినతను రూపాయి కూడా ఇవ్వలేదు. మిగతా పదకొండూ బాగానే ఉన్నాయిగా అని అడుగుతున్నారు. పరీక్షలో పైకి తేలిన పగులే కనపడుతుంది, లోహం లోపల ఏముందో చెప్పదు. అందుకని అవి గోడకే ఉంటాయి. ధర అడగొద్దు.

టీ కొట్టు దగ్గర "ఆయన కూడా పెయింటు సరుకే అమ్మాడట" అంటున్నారని తెలిసింది. అమ్మాను. నా ముందే అడగండి, ఇదే చెబుతాను.

పరీక్ష ఇలా ఉంటుంది. టైరు విప్పి, పెయింటు పూర్తిగా తీసి, రిమ్ము కడిగి, ఎర్ర రంగు ద్రవం కొట్టి పదీ పదిహేను నిమిషాలు ఆగుతాం. తుడిచేసి పైన తెల్ల పొడి కొడితే, బీట ఉన్నచోట సున్నం మీద కుంకుమ గీతలా తేలుతుంది. బోల్టు రంధ్రాలు, కమ్మీల మొదళ్లు, లోపలి అంచు మరీ జాగ్రత్తగా చూస్తాం. ఎండలో కాగిన రిమ్ము మీద రంగు సరిగ్గా పనిచేయదు కాబట్టి ఉదయం 7 నుంచి 10 లోపే రండి. బిల్లు అక్కర్లేదు. గీత తేలితే డబ్బు వాపసు, రిమ్ము మాత్రం నా దగ్గరే ఉంటుంది, మీ ఎదుటే కోస్తాను. తేలకపోయినా వద్దనుకుంటే అప్పుడూ వాపసే. ఇకనుంచి బీటపడ్డ అలాయ్ రిమ్ముకి మా దగ్గర వెల్డింగు లేదు, ఎంత పాత కస్టమరైనా సరే. స్టీలు రిమ్ముల బెండు మామూలుగానే తీస్తాం.

ఆరింటిలో నాలుగు బండ్లు వచ్చాయి. ఆ నాలుగు బండ్ల పదహారు రిమ్ముల్లో మూడింటికి గీత తేలింది. అయిదో ఆయన ఆదివారం వస్తానన్నారు. ఆరో ఆయన ఫోను నంబరు మారినట్టుంది, మోగడం లేదు. తెల్ల బండి, వెనక అద్దం మీద దుర్గమ్మ స్టిక్కరు. బెజవాడలో సగం బండ్లకి అదే ఉంటుందని తెలుసు. గొల్లపూడి వైపు ఉంటామని ఒకసారి అన్నారు. ఎవరికైనా తెలిస్తే ఈ కబురు ఆయనకి చేరవేయండి.