వార్షిక నివేదిక: ముగింపు మీద అంత కోపం ఎందుకొచ్చింది?

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ప్రేక్షకుల సంఘం ప్రధానంగా ఒకే పని మీద కూర్చుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 73 ఎపిసోడ్లనూ మొదటి నుంచి చివరిదాకా కలిసి మళ్లీ చూశాం. 2011 ఏప్రిల్‌లో మొదలై 2019 మేలో ముగిసిన ఈ ఫాంటసీ సిరీస్‌లో అభిమానులు ఎక్కడ పొంగిపోయారు, ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ మండిపడ్డారు అన్నది సీజన్ల వారీగా రాసిపెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ పని పూర్తయింది. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం.

కొత్త సభ్యుల్లో చాలామంది సిరీస్‌ను మొదటిసారి చూస్తున్నవాళ్లే. అందుకే స్పాయిలర్లు చెప్పొద్దని పాతవాళ్లను కార్యవర్గం గట్టిగా కోరింది. ఆ నియమం విలువ మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ నాడు తెలిసింది. రెడ్ వెడ్డింగ్, అంటే స్టార్క్ వంశం వాళ్లను పెళ్లి విందులోనే ఊచకోత కోసే ఘట్టం! పెళ్లి విందు జరుగుతుండగా తలుపులు మూసుకుంటాయి. వాద్యగాళ్లు శత్రువులైన లానిస్టర్ల పాట ఎత్తుకుంటారు. అనుమానంతో క్యాట్లిన్ స్టార్క్, పక్కనే ఉన్న తమ పక్షం సామంతుడు రూస్ బోల్టన్ చొక్కా చెయ్యి పైకి లాగితే, లోపల ఇనుప కవచం. ఆ నిమిషంలో పాత సభ్యులు తెరను వదిలేసి కొత్తవాళ్ల ముఖాలే చూస్తూ కూర్చున్నారు. 2013 జూన్ 2న మొదటిసారి ప్రసారమైనప్పుడూ చాలా ఇళ్లలో ఇదే జరిగింది. ఆ ఘట్టమున్న నవల 2000లోనే వచ్చింది కాబట్టి, చదివినవాళ్లు ఏమీ ఎరగని స్నేహితుల ముఖాలను వీడియో తీసి పంచుకున్నారు. అందులో క్రూరత్వం ఉందని మన సభ్యుల్లో కొందరన్నారు. నాకు అలా అనిపించదు. అన్నేళ్లు తాము మోసిన దిగులు ఇంకొకరికీ అర్థమైందన్న ఊరటే అందులో ఎక్కువ.

నాలుగు నుంచి ఏడు సీజన్ల చర్చల గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, రిజిస్టరులో ఉన్నాయి. ఎనిమిదో సీజన్ దగ్గర మాత్రం ఆగాల్సిందే.

2019 ఏప్రిల్ 28న వచ్చిన మూడో ఎపిసోడ్, చనిపోయినవాళ్ల సైన్యంతో మహాయుద్ధం. 55 రాత్రులు కష్టపడి తీశారు. ప్రసారమయ్యాక మాత్రం తెర మీద ఏమీ కనిపించడం లేదన్న ఫిర్యాదే ముందు వినిపించింది. మేము గదిలో లైట్లన్నీ ఆర్పేసి, టీవీ సెట్టింగులు సరిచేసి చూశాం. మంత్రగత్తె మెలిసాండ్రే మంత్రంతో డోత్రాకీ గుర్రపుదళం కత్తులన్నీ ఒక్కసారిగా అంటుకుంటాయి. ఆ మంటల వరుస చీకట్లోకి దూసుకుపోతుంది. దూరంగా ఒక్కొక్క మంటా ఆరిపోతుంటే కోట ముందున్నవాళ్లతో పాటు మనమూ ఊపిరి బిగబట్టి చూస్తాం. అక్కడ చీకటి ఉండాల్సిందేనని మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నారు. కానీ మామూలు ఇంట్లో, మామూలు టీవీలో చూసినవాళ్లకు ఇది అందలేదంటే తప్పు వాళ్లది కాదు.

మరుసటి వారం ఎపిసోడ్‌లో బల్ల మీద షూటింగ్‌లో మరచిపోయిన కాఫీ కప్పు కనిపించిన సంగతి అందరికీ తెలుసు. దాని మీద మేము సమయం పెట్టలేదు.

అసలు వాదన సింహాసనం కోసం పోరాడే డ్రాగన్ల రాణి డెనేరిస్ మీద. రాజధాని నగరం లొంగిపోయినట్టు గంటలు మోగాక కూడా ఆమె డ్రాగన్‌తో దాన్ని తగలబెడుతుంది. అమెరికాలో 2018 ఒక్క ఏడాదిలోనే 500 మందికి పైగా ఆడపిల్లలకు సిరీస్‌లో డెనేరిస్ బిరుదైన ఖలీసీ అని పేరు పెట్టారు. అంతగా మనసిచ్చినవాళ్లకు ఆ గంటల దృశ్యం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలన్న వినతిపత్రం మీద 15 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఉత్తమ డ్రామాకిచ్చే ఎమ్మీ టీవీ అవార్డు కూడా ఈ సీజన్‌కే దక్కింది.

మా చర్చలో కొత్త విషయం ఒకటి బయటపడింది. సిరీస్‌ను ఏకబిగిన చూసిన కొత్త సభ్యులకు డెనేరిస్ మార్పు అంత షాక్ ఇవ్వలేదు. మీరీన్ నగరంలో బానిసల యజమానులను శిలువ వేయించడం, తలవంచని టార్లీ తండ్రీకొడుకులను కాల్చేయడం వాళ్లకు తాజాగా గుర్తున్నాయి. పాతవాళ్ల సంగతి వేరు. ఏడో సీజన్ 2017 ఆగస్టులో అయిపోతే ఎనిమిదోది 2019 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ మధ్యకాలమంతా వాళ్లు మనసులో తమ ముగింపు తామే రాసుకున్నారు. పైగా మొదటి ఆరు సీజన్లకూ పదేసి ఎపిసోడ్లు, ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరే. మొదట్లో ఒక ప్రయాణానికి ఎపిసోడ్లు పట్టేవి. చివరికొచ్చేసరికి ఉత్తరాన మంచు గోడ అవతల చిక్కుకున్నవాళ్ల కబురు కాకితో డెనేరిస్ ఉన్న డ్రాగన్‌స్టోన్ దీవి చేరి, ఆమె వాళ్ల దగ్గరికి వచ్చేయడం కూడా ఒక్క ఎపిసోడ్‌లోనే అయిపోయింది. మార్పుకు కారణాలున్నాయి, అది పండటానికి టైమ్ ఇవ్వలేదు. నా దృష్టిలో అభిమానుల కోపానికి మూలం ఇదే, అది న్యాయమైన కోపం.

ఎనిమిదో సీజన్ రెండో ఎపిసోడ్‌లో జైమీ లానిస్టర్, యోధురాలు బ్రియెన్‌కు నైట్ (వీరుడి బిరుదు) హోదా ఇచ్చే సన్నివేశం మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. చప్పట్ల మధ్య ఆమె ముఖంలో మెల్లగా వచ్చే ఆ నవ్వు కోసం రెండుసార్లు వేయించుకున్నాం. ఇంకో సంగతి కూడా రికార్డులో చేర్చాం. ముగింపు మీద అంత గొడవ జరుగుతున్న రోజుల్లోనే, మెదడు గాయాల నుంచి కోలుకునేవారి కోసం డెనేరిస్‌గా నటించిన ఎమీలియా క్లార్క్ పెట్టిన సంస్థకు అభిమానులు చందాలు పోగుచేసి ఇచ్చారు. కథ మీద కోపాన్ని నటి మీదకు వాళ్లు పోనివ్వలేదు.

వచ్చే ఏడాది ఈ కథకు పూర్వకథ అయిన ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ మొదలుపెడుతున్నాం. ఈసారి ఎపిసోడ్ అవగానే, పక్కవాళ్లతో మాట్లాడకముందే, ఎవరికి ఏమనిపించిందో వాళ్లు కాగితం మీద రాసి ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించింది. పేరు రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. తేదీ మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
కార్యదర్శి