బోదకాలు ఆపరేషన్: కాలు నొక్కి చూడకుండా మాటివ్వొద్దు

సంపాదకులకు,

‘బోదకాలుకు ఒక్క ఆపరేషన్‌తో శాశ్వత పరిష్కారం’ అనే ప్రకటనల్లో ఏ ఆపరేషనో, ఏ దశలో చేస్తారో ఉండదు. అసలు తేడా అక్కడే.

కణజాలంలో మిగిలిన నీటిని (లింఫ్) తిరిగి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు. కాలి చర్మం కింద వీటి మందం అర మిల్లీమీటరు అటూఇటూ. వాటిలో ఎక్కువ భాగం కాలి లోపలివైపు పెద్ద సిర పక్కనుంచే గజ్జల్లోని లింఫ్ బిళ్లల (గ్రంథుల) దాకా వెళ్తాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కాపురముండేది ఈ నాళాల్లోనే. నాళం ఉబ్బి, కవాటాలు చెడి, లింఫ్ కిందికే జారుతుంది. ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్ర రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది గానీ చెడిన నాళాన్ని బాగుచేయలేదు. మొదట్లో వాపంతా నీరే, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఏళ్లు గడిస్తే కొవ్వు చేరి, చర్మం గట్టిపడి, గుంట పడదు.

గుంట పడే కాలికి లింఫ్ నాళాన్ని పక్కనున్న చిన్న సిరకు కలిపే ఆపరేషన్ పనికొస్తుంది. కాలివేళ్ల సందుల్లో ఇండోసయనిన్ గ్రీన్ రంగు ఎక్కించి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తారు. గీతలా మెరిస్తే నాళం పనిచేస్తున్నట్టు; చుక్కలు చుక్కలుగా చెదిరితే లింఫ్ చర్మంలోకి ఎగదన్నుతున్నట్టు. రెండు మూడు సెంటీమీటర్ల కోత, మైక్రోస్కోపు, వెంట్రుక కన్నా సన్నని 11-0 నైలాన్ దారం కావాలి. కుట్టు నేర్పు ఒక్కటే చాలదు. ఎంచుకున్న సిరలో ఒత్తిడి ఎక్కువుంటే రక్తం లింఫ్ నాళంలోకే తన్ని, గడ్డకట్టి, అతుకు మూసుకుపోతుంది.

లింఫ్ బిళ్లలను రక్తనాళాలతో సహా మరోచోటి నుంచి తెచ్చి అమర్చే పద్ధతీ ఉంది. గజ్జల నుంచి తీస్తే బాగున్న కాలు వాచే ప్రమాదముంది. ఫలితానికి నెలలు పడుతుంది.

కొవ్వు పేరుకున్న కాలు ఈ రెండింటితో సన్నబడదు, లైపోసక్షన్ కావాలి. అది కొవ్వును లాగేస్తుందే తప్ప లింఫ్‌కు దారి చేయదు. అందుకే ఆ తర్వాత జీవితాంతం రాత్రీపగలూ బిగుతు స్టాకింగ్ వేసుకోవాలి. మానేస్తే వాపు తిరిగొస్తుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి, డిశ్చార్జి రోజున కాదు.

ఏ ఆపరేషన్‌కైనా ముందు వేళ్ల సందులు చూడాలి. అక్కడి పగుళ్లలోంచి స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా దూరితేనే చలిజ్వరం, గజ్జల్లో బిళ్లల వాపు. వచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని నాళాలు పోతాయి. రోజూ సబ్బుతో కడిగి, సందులు పొడిగా తుడిచి, ఫంగస్ ఉంటే క్రీము రాయాలి. జ్వరాలు మళ్లీమళ్లీ వస్తుంటే వైద్యుల పర్యవేక్షణలో, అలర్జీ లేదని చూసుకుని, మూడు వారాలకోసారి 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఇస్తారు. స్టాకింగ్‌కు ముందు పాదంలో నాడి చూడాలి. ధమనులు పూడుకున్న కాలికి ఆ బిగుతు చేటు.

30–40 మిల్లీమీటర్ల (పాదరసం) ఒత్తిడి స్టాకింగ్ ఆరు నెలలకు వదులైపోతుంది. తెలంగాణ ప్రభుత్వం ఫైలేరియా బాధితులకు పింఛను ఇస్తోంది, మంచిదే. ఆపరేషన్ ఖర్చు భరించే పథకాలు ఆ తర్వాతి స్టాకింగుల ఖర్చునూ ఏటా రెండు జతల చొప్పున భరించాలి.

– ఒక ప్లాస్టిక్ సర్జన్, కాకినాడ