ప్లాస్టరింగ్ మొదలు కాకముందే చదువు, బాపూ

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్,
మృగశిర కార్తె, ఆదివారం రాత్రి

బాపూ,

నీకూ అమ్మకూ నమస్కారాలు. ఇక్కడ అందరం కుశలం. మృగశిర నాడు నువ్వు చేపలు తెచ్చావనీ, అమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టిందనీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఇక్కడ రాత్రి పది కావస్తున్నా వెలుతురు పోలేదు. లైటు వేయకుండానే కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

వచ్చే వారం పైగది గోడలకు గాడి కొట్టి కరెంటు వైర్ల పైపులు వేస్తారన్నావు. ప్లాస్టరింగ్ అయిపోయిందంటే మళ్లీ గోడ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, మిగతా సగంలో ఎలక్ట్రీషియన్ అన్నకు చేరేది ఎంతో తెలియదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పని సంగతి ఉన్న కాగితాలు ఆయన చేతికే ఇవ్వు. ఈ మొదటి కాగితం మాత్రం నీ దగ్గర ఉంచుకో, ఇది మన ఇంటి మాట.

సంక్రాంతికి వచ్చినప్పుడు పడకగదిలో, మెట్ల మీద, బాత్రూం దగ్గర వైఫై బల్బులు పెట్టి వెళ్లాను కదా. గోడ స్విచ్చు ఆపితే ఆ బల్బుకు కరెంటే అందదు, ఇక ఫోను చెప్పే మాట దానికి ఎలా చేరుతుంది? ఎవరూ ఆపకూడదని స్విచ్చుల మీద తెల్ల టేపు అతికించి, పక్కన ఒక చిన్న బటన్ అంటించాను. ఆ బటన్ నొక్కితే మాట ముందు ఇంటర్నెట్‌లోకి, ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మన బల్బుకు రావాలి. హనుమకొండలో మంచం నుంచి బాత్రూం గడపకు ఆరడుగుల దూరం. దానికోసం మాట సముద్రాలు దాటి రావాలన్నమాట.

గాలివానకు నెట్ పోయిన ఆ రాత్రి అమ్మ లేచి, ఇన్నేళ్లుగా అలవాటైన చోటే చెయ్యి పెట్టింది. వేళ్లకు టేపు తగిలింది. బటన్ నొక్కింది, వెలగలేదు. చీకట్లోనే నడిచి, గడపకు తగిలి, బొటనవేలి గోరు ఊడింది. మీరిద్దరూ నాకు ఒక్క మాట చెప్పలేదు. ఉగాది దాటాక తమ్ముడు చెప్పాడు. ఆ మర్నాడే నువ్వు టేపు పీకేసి పాత బల్బు పెట్టావట. మొన్న వీడియోలో అమ్మ వెనకాల ఆ స్విచ్చు కనిపించింది. టేపు జిగురుకు దుమ్ము పట్టి, స్విచ్చు చుట్టూ నల్లటి గీతలా నాలుగు పక్కలా నిలిచింది. అది చూస్తుంటే అమ్మ అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను.

అందుకే ఈసారి ఒక్క షరతు మీద పని మొదలుపెడదాం. నెట్ ఉన్నా లేకున్నా, ఫోను పని చేయకపోయినా, గోడ మీది స్విచ్చు నొక్కితే లైటు వెలగాలి. తక్కినవన్నీ దాని తరువాతే.

నేను ఉండే ఈ ఊరే బల్బుల ఊరు. ఫ్రెడరిక్ ఫిలిప్స్ అనే తండ్రి, జెరార్డ్ అనే కొడుకు కలిసి 1891లో ఇక్కడ బల్బుల కర్మాగారం పెట్టారు. తాతయ్య రేడియో మీద ఉండే పేరు అదే. నెట్‌వర్కుతో మాట్లాడే బల్బులను కూడా ఆ కంపెనీయే 2012లో అమ్మకానికి తెచ్చింది. ఇక్కడి ఇళ్లలో వాటిని రోజూ చూసి, తెలివంతా బల్బులోనే ఉండాలనుకున్నాను. మన ఇంటికి అది నప్పదు. తెలివి స్విచ్చు వెనక ఉండాలి. అగ్గిపెట్టె అంత రిలే ఒకటి వస్తుంది, ఫోను మాట విని కరెంటును కలిపే, విడదీసే చిన్న స్విచ్చు అది. దాన్ని స్విచ్ బోర్డు లోపల, పాత స్విచ్చు వెనకే బిగిస్తారు. అమ్మ స్విచ్చు నొక్కినా వెలుగుతుంది, ఫోన్లో నొక్కినా వెలుగుతుంది. బల్బు మామూలు బల్బే, వీధి చివరి దుకాణంలో దొరికేదే.

ఎలక్ట్రీషియన్ అన్నకు ఇచ్చే కాగితం ఇక్కడ మొదలవుతుంది.

ఆ రిలే ఎప్పుడూ మేలుకుని ఉండాలి, అంటే దానికి ఫేజ్‌తో (కరెంటు వచ్చే తీగ) పాటు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కూడా కావాలి. ప్లగ్ పాయింట్ ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. మెట్ల దగ్గరి టూ-వే స్విచ్చుల్లో మాత్రం సాధారణంగా వేయరు, అక్కడ పని లేదని. ఈసారి ప్రతి బోర్డుకూ న్యూట్రల్ లాగమని చెప్పు, ఈరోజు అవసరం లేకపోయినా సరే. బాక్సులు కూడా లోతైనవి తీసుకోవాలి. లోతు లేని బాక్సులో రిలే కుక్కితే వైర్లు నలిగి వేడెక్కుతాయి.

ఇక నెట్ సంగతి. బాపూ, దీన్ని నువ్వు బళ్లో పిల్లలకు చెప్పిన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లా చూడు. పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. వీధి స్తంభం మీది ఫైబర్ తీగ హాల్లో కిటికీ పక్కనున్న తెల్ల పెట్టెలోకి వస్తుంది, అక్కడి నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టెకు, దాని నుంచి గదులకు. పై పెట్టె ఆగితే కిందవన్నీ ఎండిపోతాయి. (తెలంగాణలో టీ-ఫైబర్ గొట్టాలను మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. నీళ్లూ మాటలూ ఒకే కందకంలో వెళ్తున్నాయన్న సంగతి నాకు ఎంతో నచ్చుతుంది.) ఇన్వర్టర్ ఉంది కదా అంటావు. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే పెట్టెలు ఆగి, మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. తేరుకోవడానికి నిమిషాలు పడుతుంది. వేసవి మధ్యాహ్నాలు నాతో మాట్లాడుతుంటే నీ ముఖం తెర మీద కదలకుండా నిలిచిపోయేది ఇందుకే. తెల్ల పెట్టెకూ రౌటర్‌కూ కలిపి 12 వోల్టుల చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా ఆగకుండా నడిపే బ్యాటరీ పెట్టె) ఒకటి చాలు, వాటి అడాప్టర్ల మీద కూడా 12 వోల్టులు అనే రాసి ఉందో లేదో ఒకసారి చూడు.

కదలనివాటికి తీగ, కదిలేవాటికి గాలి. టీవీ, కెమెరాలు, పైగదిలో వైఫై పెట్టె, ఇవన్నీ ఉన్నచోటే ఉంటాయి కాబట్టి వీటికి క్యాట్-6 అనే నెట్ కేబుల్ లాగాలి. ఒక్కో తీగ 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది, మన ఇంటికి అది కావలసినదానికంటే ఎక్కువే. ఈ కేబుల్‌కు వేరే పైపు వేయాలి, 25 మిల్లీమీటర్లది. కరెంటు వైర్లతో ఒకే పైపులో దూర్చవద్దు. పక్కపక్కనే నడిస్తే కరెంటు రొద కేబుల్‌లో పడుతుంది. ఎక్కడైనా వైరు తోలు చెడితే 230 వోల్టులు నేరుగా పరికరాల్లోకి దిగుతాయి. ఒక అడుగు ఎడం ఉంచి, దాటక తప్పని చోట అడ్డంగా దాటిస్తే చాలు.

కేబుల్ కొనేటప్పుడు నువ్వే వెళ్లు, జేబులో బ్లేడు పెట్టుకుని వెళ్లు. పోయినసారి ఒక దుకాణంలో రాగి అని చెప్పి అంటగట్టింది రాగి కాదు. లోపలి సన్నటి తీగను బ్లేడుతో గీకాలి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. కింద వెండిలా తెల్లగా తేలితే అది అల్యూమినియం మీద రాగి పూత. కెమెరాలకు మాటా కరెంటూ రెండూ ఆ తీగలోనే వెళ్తాయి, పూత తీగ అయితే వేడెక్కుతుంది, వంచిన చోట విరుగుతుంది. కొనకముందే గీకి చూస్తానని చెప్పు. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణానికి వెళ్లు.

కేబుల్‌లో ఎనిమిది పోగులు ఉంటాయి. రెండు చివర్లా ఒకే వరుసలో బిగించాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత వస్తుంది, చాలామంది తడబడేది అక్కడే.

కింది ఇంటి రాతి గోడలను దాటడం వైఫైకి కష్టం. వైఫై రెండు రకాల అలల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ అల మీద నెట్ వేగంగా వస్తుంది గానీ గోడ అడ్డం వస్తే నీరసిస్తుంది. 2.4 నెమ్మది, అయినా గోడలు దాటుతుంది. మనం పెట్టే చిన్న పరికరాలు చాలా వరకు 2.4 మీదనే పలుకుతాయి. పైగది కప్పుకు ఒక వైఫై పెట్టె, కింద ఒకటి ఉంటే సరిపోతుంది.

బోరు మోటారు గురించి కొంచెం ఓపికగా చదువు. ట్యాంకు నిండి నీళ్లు పెరట్లో పారుతుంటే అమ్మ రాత్రిపూట తడి నేల మీద నడిచి వెళ్లి మోటారు ఆపడం నేను చూశాను. ఇంట్లో అన్నిటికంటే ముందు కావలసింది ఈ పనే. అయితే దుకాణంలో స్మార్ట్ ప్లగ్ ఇస్తే తీసుకోవద్దు. మోటారు తిరిగేటప్పుడు తీసుకునే కరెంటుకు, మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. ప్లగ్గు లోపలి చిన్న రిలే మొనలు ఆ దెబ్బకు కాలి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతుక్కున్నాక ఫోన్లో ఆపామని కనిపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని స్టార్టర్ డబ్బాలో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు ఉండాలి. మోటారు బరువు అది మోస్తుంది, మన రిలే కాంటాక్టర్ కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇస్తుంది. ట్యాంకులో నీటి మీద తేలే ఫ్లోట్ ఒకటి వేసి, నిండగానే ఆగేలా చేస్తాం. ఫ్లోట్ ఇరుక్కుపోయినా ప్రమాదం లేకుండా, నలభై నిమిషాలు దాటితే ఎలాగైనా ఆగేలా పెడతాను. స్టార్టర్ మీది ఆకుపచ్చ, ఎరుపు బటన్లు ఎప్పటిలాగే పని చేయాలి. అవి తీసేస్తానని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

ఎర్తింగ్ గుంత తవ్వి ఎన్నేళ్లయిందో? ఈ వానలు ముదరకముందే ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించు, మీటరుతో కొలిపించు. మెయిన్ బోర్డులో పిడుగుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించు, ఎర్తింగ్ బాగుంటేనే అది పని చేస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి అందులో కరెంటు పారదు. కానీ బలం కోసం దాని పక్కనే ఉక్కు తీగ ఉంటుంది, దాన్ని గోడ బయటే ఆపేయాలి.

ఎలక్ట్రీషియన్ అన్న కాగితం ఇక్కడితో ఆఖరు. మిగిలింది మళ్లీ మనిద్దరి మాట.

కెమెరాలు రెండే. గేటు దగ్గర ఒకటి, డాబా మెట్ల దగ్గర ఒకటి. ఇంటి లోపల వద్దు, వాకిట్లో కూడా వద్దు. అక్కడ అమ్మ బతుకమ్మ పేరుస్తుంది, వీధిలోని ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆ బొమ్మలు ఎవరి కంప్యూటర్‌లోకీ వెళ్లకూడదు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లక్షల కొద్దీ కెమెరాలనూ రౌటర్లనూ లోబరుచుకుంది. వాటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేయడం వల్ల అంత సులువైంది. మన పెట్టెలన్నిటికీ పాస్‌వర్డు మార్చి, పుస్తకంలో రాసి బీరువాలో పెట్టు. కెమెరాలూ రిలేలూ ఒక నెట్‌వర్కులో, మీ ఫోన్లు ఇంకో నెట్‌వర్కులో ఉండేలా నేను సర్దుతాను.

వీటన్నిటినీ నడిపించేది పుస్తకమంత చిన్న కంప్యూటర్, మన హాల్లోనే ఉంటుంది. ఈ దేశస్థుడు పౌలస్ స్కౌట్సన్ 2013లో మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత ప్రోగ్రాం అందులో వేస్తాను. దానికి బయటి కంపెనీ అనుమతి అక్కర్లేదు, నెట్ పోయినా ఇంటి పని ఇంట్లో జరిగిపోతుంది. ఇక్కడి నుంచి నేను చూడాలంటే మాత్రం ఒక దారి వేయాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి, అందువల్ల బయట నుంచి తలుపు తడితే మన ఇంటికి చేరదు. మన కంప్యూటరే లోపలి నుంచి నాకు వైర్‌గార్డ్ అనే గుప్త దారి వేస్తుంది. ఆ దారిని మూసే స్విచ్చు నీ కుర్చీ పక్కన గోడకు పెడతాను. నీకు నచ్చనప్పుడు ఆపేయి. ఎందుకు ఆపావని అడగను.

దసరాకు పది రోజుల సెలవు దొరికింది. రిలేలు, ఫ్లోటు, కంప్యూటర్ నేను వచ్చాకే బిగిద్దాం. ఇప్పుడు పైపులు, బాక్సులు, న్యూట్రల్, కేబుల్ అయితే చాలు. సిమెంటు పూయకముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫోటో తీసి పంపు, పైపు ఎక్కడ ఉందో రేపు మేకు కొట్టేటప్పుడు తెలియాలి.

బోర్డుల ఎత్తు మాత్రం ఎలక్ట్రీషియన్ అన్నను నిర్ణయించనివ్వకు. అమ్మను పిలిచి, మెట్ల కింద, పైగది తలుపు దగ్గర, కొత్త బాత్రూం గడప దగ్గర నిలబెట్టు. కళ్లు మూసుకుని లైటు వేయమను. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీసిపెట్టు. బోర్డు అక్కడే రావాలి.

నీ బిడ్డ