డెక్కన్ క్వీన్ నీలం సెట్టు ఆరు వారాలు ఆలస్యం

1930 నాటి డెక్కన్ క్వీన్ రైలుకు మేం చేసే చిన్న మోడళ్లలో నీలం సెట్టు బుక్ చేసుకున్నవాళ్లకు ఈ నెల పంపలేకపోతున్నాం. ఇంకో ఆరు వారాలు పడుతుంది. వెండి రంగు సెట్టు మాత్రం అనుకున్న రోజే బయల్దేరుతుంది.

తేడా వచ్చింది డెకాల్స్ దగ్గర, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే అచ్చు గీతల దగ్గర. ముదురు నీలం మీద బంగారు గీత కనబడాలంటే ముందు తెల్ల పొర అచ్చువేసి, దాని మీద బంగారు సిరా వేయాలి. మాకు అచ్చువేసే ఆయన తెల్ల పొర వదిలేసి నలభై షీట్లూ పంపేశారు. కాగితం మీద ధగధగలాడింది. నీళ్లలో నానబెట్టి పెట్టె పక్కన అతికించగానే పాచి రంగుకు తిరిగింది. నీలం ముక్క మీద అతికించి చూశాకే మిగతావి వేయమని ఆర్డరులోనే రాశాం. అడిగితే, "అంత దగ్గరగా ఎవరు చూస్తారండీ" అన్నారు. మన దగ్గర కొనేవాళ్లు చూస్తారు.

పసుపు గీతల షీట్లు చేతిలో ఉన్నాయి, అవే వేసి పంపేద్దామా అని పది రోజులు తర్జనభర్జన పడ్డాం. వద్దనుకున్నాం. ఆ బండి దర్జా అంతా ఆ గీతలోనే ఉంది. 1930 జూన్ 1న బొంబాయి–పూనా మధ్య మొదలైనప్పుడు ఫస్ట్, సెకండ్ క్లాసులే ఉండేవి. ఏడేసి పెట్టెల సెట్లు రెండు: వెండి రంగుకు ఎర్ర అంచులు, నీలానికి బంగారు గీతలు. 1949లో ఫస్ట్ క్లాసు తీసేశారు, 1955లో థర్డ్ క్లాసు చేర్చారు, 1966లో పెరంబూరు ఫ్యాక్టరీలో చేసిన ఉక్కు పెట్టెలొచ్చాక ఏడు కాస్తా పన్నెండయ్యాయి. ఎక్కువమందికి చోటు దొరికింది, మంచిదే. కానీ మీరు డబ్బు కట్టింది ఆ ఏడు పెట్టెల బండికి.

గేజ్ దగ్గర, అంటే పట్టాల మధ్య దూరం దగ్గర, రాజీపడ్డారుగా అనొచ్చు. నిజమే, అసలు బండిలో 87వ వంతు (1:87) సైజులో మన బ్రాడ్‌గేజ్ 19.3 మిల్లీమీటర్లు రావాలి, మేమిచ్చేది 16.5. మీ ఇళ్లలో ఉన్న ట్రాక్ అదే కాబట్టి. గీత మార్చడానికి అలాంటి కారణమేదీ లేదు.

అందుకే సన్న గీతలు గీసే రూలింగ్ పెన్‌తో చేత్తోనే గీస్తున్నాం. నీలం మీద మెరిసే అక్రిలిక్ వార్నిష్ కోటు వేసి రెండు రోజులు ఆరనిస్తాం. దాని మీద ఎనామెల్ బంగారు రంగుతో గీస్తే, చెయ్యి తప్పినా టర్పెంటైన్‌తో తుడిచేయొచ్చు, కింది నీలం చెక్కుచెదరదు. బంగారు పొడి ఇట్టే అడుగుకు దిగుతుంది, ప్రతి గీతకూ ముందు కలపాల్సిందే. సెట్టుకు పద్నాలుగు పక్కలు, రోజుకు నాలుగు కంటే ఎక్కువ సాగవు.

ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తాం. మిగతావాళ్లకు ధర పెరగదు. ఆ డెకాల్స్ ఆయనకు ఇకపై ఆర్డరు ఇవ్వం.